గాలిలో గంట, నేల మీద నాలుగు

పోటీ పరీక్షలకు చదువుకొను యువకులతో అశోక్‌నగర్ వీధులు తెల్లవారక మునుపే నిండిపోవును. సామాన్య జ్ఞానమను పేరిట వారు వల్లె వేయు సంగతులలో నగరముల మధ్య దూరములు కూడ నుండును. హైదరాబాదు నుండి విశాఖపట్టణమునకు ఆకాశమార్గమున దూరమెంత? సుమారు 510 కిలోమీటర్లు. విమానమునకు పట్టు కాలమెంత? గంటా పదునైదు నిమిషములు. ఈ జవాబునకు పరీక్షకుడు పూర్తి మార్కులు వేయును, వేయవలసినదే. కాని ఆ అశోక్‌నగర్ ప్రక్కనే యున్న దోమలగూడలో ఇంటికి తాళము వేసి బయలుదేరిన మనిషి ఎవ్వడును గంటా పదునైదు నిమిషములలో విశాఖ చేరి యెరుగడు. రెండు గంటలలో, మూడు గంటలలో చేరినవాడును లేడు. జవాబు సరియైనదే, ప్రయాణము మాత్రము వేరు. ఈ రెంటి నడుమనున్న వ్యత్యాసము గడచిన పదునెనిమిది సంవత్సరములలో తగ్గుటకు మారు పెరిగినది. ఇప్పుడు విశాఖ వైపున కూడ పెరుగబోవుచున్నది.

మొదట దూరము సంగతి. దీనిని ఉన్నత పాఠశాల విద్యార్థి నల్లబల్ల మీద తానే లెక్క కట్టవచ్చును. శంషాబాదు విమానాశ్రయము 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశమునను ఉన్నది. విశాఖలోని పాత విమానాశ్రయము 17.72 డిగ్రీల అక్షాంశమున, 83.22 డిగ్రీల రేఖాంశమున ఉన్నది. అక్షాంశములలో భేదము 0.48 డిగ్రీ, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున అది 53 కిలోమీటర్లు. రేఖాంశములలో భేదము 4.79 డిగ్రీలు. రేఖాంశపు డిగ్రీ భూమధ్యరేఖ వద్ద 111 కిలోమీటర్లుండును గాని ఉత్తరమునకు పోయిన కొలది కుంచించుకొనిపోవును. పదిహేడున్నర డిగ్రీల వద్ద అది 106 కిలోమీటర్లు మాత్రమే. ఆ చొప్పున తూర్పునకు దూరము 508 కిలోమీటర్లు. ఇక లంబకోణ త్రిభుజపు సూత్రము చాలును: కర్ణము 511 కిలోమీటర్లు. భూమి గుండ్రముగా నున్నది గనుక ఖండముల నడుమ దూరములకు ఈ సూత్రము పనికిరాదు. తెలుగు దేశపు మేరకు మాత్రము తప్పు పట్టనవసరము లేనంత చక్కగా సరిపోవును.

ఈ లెక్క నుండియే మరియొక సంగతి తెలియుచున్నది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును గనుక, హైదరాబాదు కంటె విశాఖలో సూర్యుడు సుమారు పందొమ్మిది నిమిషములు ముందుగా ఉదయించును. దేశమంతటికిని ఒకే గడియారమున్నందున ఈ భేదము ఎవరికిని పట్టదు. విశాఖ నుండి హైదరాబాదునకు కాపురము మార్చినవారికి మాత్రము మొదటి నాళ్ళలో ఇక్కడ తెల్లవారుట ఆలస్యమైనట్లు తోచుచుండును. తోచుట నిజమే.

రోడ్డు మార్గమున ఇదే దూరము ఆరు వందల కిలోమీటర్లు దాటును. సికింద్రాబాదు నుండి కాజీపేట, విజయవాడ, రాజమహేంద్రవరముల మీదుగా పోవు రైలు దారి 699 కిలోమీటర్లు. పక్షి పోవు దారికిని పట్టాలు పోవు దారికిని నడుమ 188 కిలోమీటర్ల తేడా కలదు. కొండలు, నదులు, దారిలోని పట్టణములు ఆ తేడాకు కారణములు. రైలు పట్టణములను కలుపుకొని పోవును. విమానము వాటిని విడిచి పోవును. ఖమ్మము వానికిని ఏలూరు వానికిని విమానపు దారి పొడవు ఎంతయైనను ఒకటే.

ఇక కాలము సంగతి. విమానముల కాలపట్టికలో ప్రయాణకాలమని వేయునది గాలిలో గడచిన కాలము కాదు. బయలుదేరు చోట చక్రములకు అడ్డుగా పెట్టిన దిమ్మెలు తీసిన క్షణము మొదలు, చేరిన చోట మరల దిమ్మెలు పెట్టిన క్షణము వరకు గడచిన కాలమంతయు అందులో చేరును. జెట్ విమానము పై యెత్తున గంటకు 830 కిలోమీటర్ల వేగముతో పోవును. ఆ వేగముననే మొదటి నుండి చివరి వరకు పోగలిగినచో 510 కిలోమీటర్లకు ముప్పది యేడు నిమిషములు చాలును. కాని విమానము ఎక్కవలెను, దిగవలెను. ఎక్కునప్పుడును దిగునప్పుడును వేగము తక్కువ. రన్‌వే చేరుటకు నేల మీద పాకుటకు పది నిమిషములు, వరుసలో తన వంతు వచ్చుటకు మరికొంత. ఇవి కాక, ఆలస్యమైనదను మాట పడకుండ సంస్థలు పట్టికలో ముందుగనే కొన్ని నిమిషములు కలిపి వేసికొనుట ప్రపంచమంతటను ఉన్న వాడుక. గాలి కూడ తన వంతు చేయును. శీతకాలమున పై యెత్తుల గాలులు పడమటి నుండి వీచుచు విశాఖకు పోవు విమానమును తోయును. వర్షకాలమున దక్షిణాపథము మీద అవి తూర్పు నుండి వీచి ఎదురు తగులును. ఇంత పొట్టి దారిలో ఆ భేదము కొన్ని నిమిషములకు మించదు.

పూర్వులకు దూరమును కాలమును వేరుచేసి చూచు అలవాటు లేదు. కూతవేటు, ఒక పూట నడక, రెండు మజిలీలు అను మాటలలో రెండును కలిసియే యున్నవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి పల్లకి బోయీలతోను పరివారముతోను బయలుదేరి, కడప సీమ మీదుగా హైదరాబాదు చేరి, అటు నుండి కాశికి పోయి, తిరుగు ప్రయాణమున శ్రీకాకుళము సీమ మీదుగా తీరమార్గమున 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన కాశీయాత్ర చరిత్రను చదివినవారు మజిలీ మజిలీకి దూరము, దారి స్థితి, చేరిన వేళ, దిగిన చోట దొరకినవియు దొరకనివియు ఎంత శ్రద్ధగా వ్రాసినాడో యెరుగుదురు. ఆయన లెక్కలో వాగు దాటుటకు వేచిన సేపును ప్రయాణమే. బోయీల అలసట తీరుటకు ఆగిన పూటయు ప్రయాణమే. ఆమడ ఎనిమిది మైళ్ళనుకొన్నచో విశాఖ హైదరాబాదునకు నలుబది ఆమడల దూరమున నున్నది. నేటి కాలపట్టిక ఆ నలుబది ఆమడలను మాత్రమే లెక్కించి, వాగు దగ్గర వేచిన సేపును విడిచిపెట్టినది.

నేటి వాగు ఏది? దోమలగూడ వానికి అది ఇందిరా పార్కు దాటిన వెంటనే మొదలగును.

2008 మార్చి వరకు హైదరాబాదు విమానాశ్రయము బేగంపేటలో నుండెడిది. దోమలగూడ నుండి హుస్సేన్‌సాగర్ గట్టు మీదుగా ఆరేడు కిలోమీటర్లు. ఆటోలో ఇరువది నిమిషములు, రద్దీలో అరగంట. 1940ల నడుమ నిజాము రాజ్యపు రైల్వేయు టాటా సంస్థయు కలిసి నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానములు అక్కడినుండియే యెగిరినవి. 1953లో దేశమందలి ఎనిమిది వైమానిక సంస్థలను జాతీయము చేసినప్పుడు అదియు ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను. ఊరు పెరిగి బేగంపేటను నాలుగు వైపుల చుట్టుముట్టినది. రన్‌వేను పొడిగించుటకు చోటు లేదు. ప్రయాణికుల సంఖ్య మాత్రము ఏటేట పెరిగిపోయినది. కొత్తది కట్టక తప్పని స్థితి నిజముగనే వచ్చినది. నగరమునకు దక్షిణమున శంషాబాదులో సుమారు 5,500 ఎకరముల నేల సేకరించి కట్టిన కొత్త విమానాశ్రయము 2008 మార్చి 23వ తేదీన పని ప్రారంభించెను. అదే దినమున బేగంపేటలో సామాన్య ప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయినవి. ఇప్పుడక్కడ వాయుసేన విమానములును, ప్రముఖుల విమానములును దిగును. అప్పుడప్పుడు విమానముల ప్రదర్శన జరుగును. టిక్కెట్టు కొని విమానమెక్కు అవకాశము మాత్రము లేదు.

కొత్తది కట్టుట తప్పు కాదు. పాతది మూసివేయుటయే విచారింపదగిన విషయము. అది యాదృచ్ఛికముగా జరిగినది కాదు. 2004 డిసెంబరులో కుదిరిన రాయితీ ఒప్పందములోనే యున్నది. కొత్త విమానాశ్రయము తెరచిన నాడు పాతది మూయవలెననియు, నూట యేబది కిలోమీటర్ల పరిధిలో ఇరువదియైదేండ్ల వరకు మరియొక విమానాశ్రయము రాకూడదనియు అందలి నియమములు. అంత పెట్టుబడి పెట్టినవారు ప్రయాణికులు చీలిపోకుండ హామీ కోరుట వ్యాపారధర్మమే. ఆ హామీకి వెల చెల్లించినవాడు ఒప్పందమున సంతకము చేసినవారిలో లేడు. చిక్కడపల్లిలోను నారాయణగూడలోను నివసించు ప్రయాణికుడు ప్రతి ప్రయాణమునకు గంటకు పైగా కాలమును, ఆటో బదులు టాక్సీ కిరాయిని కట్టుచు ఆ వెలను ఈనాటికిని చెల్లించుచున్నాడు.

దోమలగూడ నుండి శంషాబాదునకు దూరము ముప్పది కిలోమీటర్ల వంతున నున్నది. మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున నిర్మించిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో తెరవబడినది. అది దారిని సుగమము చేసిన మాట నిజము. కాని ఆ వంతెన ఎక్కుటకు ముందు లక్డీకాపూల్, మాసాబ్‌టాంక్ దాటవలెను. ఉదయము తొమ్మిది గంటలకు బయలుదేరినవానికి ముప్పది కిలోమీటర్లలో మొదటి ఎనిమిదియే సగము కాలమును మింగును.

ఇప్పుడు మొత్తము ప్రయాణమును గడప నుండి గడప వరకు లెక్క కట్టి చూడవచ్చును. దోమలగూడ ఇంటి నుండి శంషాబాదునకు గంటా పదునైదు నిమిషములు. విమానము కదలుటకు గంట ముందుగనే సామాను తీసికొను కౌంటర్లు మూయుదురు. తనిఖీ వరుస పొడవును ఎవరును ముందుగా చెప్పజాలరు. కనుక వివేకి గంటా నలుబదియైదు నిమిషములు ముందు చేరును. విమానమున గంటా పదునైదు నిమిషములు. విశాఖలో దిగి పెట్టె చేతికి వచ్చుటకు అరగంట. పాత విమానాశ్రయము నుండి ఊరిలోని ఇంటికి మరియొక అరగంట. మొత్తము ఐదుంబావు గంటలు. అందులో విమానపు వంతు గంటంబావు, నేల వంతు నాలుగు గంటలు.

దీనికి పోటీగా విద్యార్థులకు ఒక ఊహా లెక్క ఈయవచ్చును. అట్టి సర్వీసు ఉండెనని కాదు. లెక్క కొరకు మాత్రమే. బేగంపేట నుండి డకోటా విమానము గంటకు 280 కిలోమీటర్ల వేగముతో విశాఖకు పోవునని అనుకొందురు గాక. నేల మీది సేపుతో కూడ రెండు గంటల పది నిమిషములు పట్టును. ఇంటి నుండి విమానాశ్రయమునకు ఇరువది నిమిషములు. నిలువెల్ల తడిమి చూచు తనిఖీలు ఆ కాలమున లేవు గనుక అరగంట ముందు చేరిన చాలును. దిగి సామాను తీసికొనుటకు పావుగంట, ఊరిలోనికి అరగంట. మొత్తము మూడు గంటల నలుబదియైదు నిమిషములు. మూడింతల వేగముతో పోవు నేటి జెట్ కంటె ముక్కు పైకెత్తుకొని నిలిచిన ఆ పాత డకోటా ప్రయాణికుని గంటన్నర ముందుగా ఇల్లు చేర్చును! వేగము విమానమునకు పెరిగినది, ప్రయాణమునకు తరిగినది. తనిఖీలను తప్పు పట్టుటకు లేదు. 1971 జనవరిలో గంగ అను విమానమును లాహోరుకు అపహరించుకొని పోయినది మొదలు అవి తప్పనివైనవి. దూరము సంగతి అట్టిది కాదు. అది మనుష్యులు నిర్ణయించి పెట్టినది.

అన్ని ఊళ్ళకును ఫలితము ఒకే తీరుగా ఉండదు. ఢిల్లీకి పోవువానికి ఈ చర్చయే అనవసరము. 1,250 కిలోమీటర్ల ఆకాశమార్గమునకు విమానము రెండుంబావు గంటలు తీసికొనును. నేల మీద నాలుగు గంటలు పోయినను, ఒక రాత్రియు పగటిలో చాల భాగమును పట్టు రైలుతో దానికి పోటీ లేదు. విజయవాడ సంగతి దీనికి తలక్రిందులు. శంషాబాదు నుండి గన్నవరమునకు ఆకాశమున 265 కిలోమీటర్లు, పట్టికలో సుమారు గంట. గన్నవరము మరల బెజవాడకు ఇరువది కిలోమీటర్ల వెలుపల నున్నది. రెండు చివరల సేపును కలుపగా ఐదు గంటలగును. దోమలగూడ నుండి కారులో తిన్నగా పోయినవాడు దాదాపు ఆ వేళకే చేరును. 2023 సంక్రాంతి నాడు ప్రారంభమైన వందే భారత్ రైలు సికింద్రాబాదు నుండి విజయవాడకు సుమారు నాలుగు గంటలలో పోవును. స్టేషను నుండి దిగినవాడు ఊరి నడిబొడ్డున దిగును. రెండవ విమానమును అందుకొని దూరదేశము పోవువానికి తప్ప, విజయవాడ విమానము గడియారమునకు లాభము చేయదు.

విశాఖ ఈ రెంటి నడుమ నున్నది; అందువలననే దాని విషయమున ఆలోచన అవసరము. వందే భారత్ 699 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటలలో దాటును. చిక్కడపల్లి నుండి సికింద్రాబాదునకు మెట్రో 2020 ఫిబ్రవరి నుండి నడచుచున్నది. స్టేషను చేరుటకు అరగంట చాలును. గడప నుండి గడపకు పది గంటలు. విమానమునకు ఐదుంబావు. లాభము ఐదు గంటలకు కొంచెము తక్కువ. ఇది చిన్న లాభము కాదు. తండ్రికి జబ్బుగా నున్నదను కబురు విని పోవు కొడుకునకు ఐదు గంటలు అపారము. అయితే అట్టి కబురు వచ్చిన నాడే టిక్కెట్టు వెల ఆకాశమున నుండును. అవసరమును చూచి ధర పెరుగు పద్ధతిని ఆ వ్యాపారము తొలినుండి దాచుకొనలేదు. సంక్రాంతి ముందు నాళ్ళలో ఆ ధరలను చూచి నిట్టూర్చి ఎం.జి.బి.ఎస్. వైపు నడచువారికి లెక్క లేదు.

మరియొక లెక్క కూడ కలదు. దానిని పట్టికలు వేయవు. 1974లో ప్రారంభమైన గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంకాలము హైదరాబాదులో బయలుదేరి మరునాటి వేకువకు విశాఖ చేరును. పన్నెండు గంటలకు పైగా పట్టు ఆ ప్రయాణములో మెలకువగా గడచునది భోజనమునకు ముందు వెనుకల రెండు మూడు గంటలు మాత్రమే. బడికి సెలవు పెట్టనక్కర లేకుండ శనివారము సాయంత్రము ఎక్కి, ఆదివారము పగలంతయు తల్లిదండ్రుల వద్ద గడపి, రాత్రి బండికి మరలివచ్చు ఉపాధ్యాయుడు నిద్రను మాత్రమే వెచ్చించుచున్నాడు. పగటి విమానము అతని పగటిలో ఐదుంబావు గంటలను తీసికొనును, రానుపోను పదిన్నర. ఎవరి కాలము ఎవరికెంత విలువయో గడియారము చెప్పజాలదు.

ఇంత దూరమును ఇతర దేశములలో ఎట్లు దాటుచున్నారో చూచుట ఉపయోగకరము. టోక్యో నుండి ఒసాకాకు రైలు దారి 515 కిలోమీటర్లు. అనగా హైదరాబాదు విశాఖల నడుమ గల ఆకాశదూరమునకు దాదాపు సమానము. 1964 అక్టోబరు 1వ తేదీన జపాను వారు అక్కడ కొత్త రైలు మార్గమును తెరచినప్పుడు ప్రయాణకాలము నాలుగు గంటలు. మరుసటి యేడు మూడు గంటల పది నిమిషములు. ఇప్పుడు రెండున్నర గంటలకు లోపు. విమానములు అక్కడను కలవు గాని రైలు నగరమధ్యమున ఎక్కించి నగరము లోపలనే దింపును గనుక జనులు ఎక్కువగా దానినే నమ్ముదురు. ఫ్రాన్సు వారు ఇంకొక అడుగు ముందుకు వేసి, రెండున్నర గంటల లోపు రైలున్న చోట్ల విమానములను నిషేధించు నియమమును 2023 మేలో అమలు చేసిరి. ఆ నియమము తగిలినది మూడు మార్గములకు మాత్రమేయని విమర్శకులు ఎగతాళి చేసినను, మొదట మంచి రైలు వేసి తరువాత విమానము మానుమని చెప్పుటలో న్యాయమున్నది. రైలు వేయకుండ మానుమనుట వేరు.

భారతదేశమున అనుసరించిన దారి దీనికి భిన్నము. కాలికి రబ్బరు చెప్పులు తొడిగినవాడు కూడ విమానమెక్కవలెనను ఆశయముతో కేంద్రప్రభుత్వము ఉడాన్ పథకమును ప్రకటించినది. గంటసేపు పట్టు ప్రయాణమునకు మొదట 2,500 రూపాయలు గరిష్ఠ ధరగా నుండెను. ఆ ధరకు కొన్ని సీట్లు. వచ్చిన నష్టమును మూడేండ్ల వరకు ప్రభుత్వములు పూడ్చును. పెద్ద మార్గములలో పోవు విమానములపై విధించిన రుసుము నుండి ఆ ధనములో చాల భాగము వచ్చును. 2017 ఏప్రిల్ 27వ తేదీన సిమ్లా ఢిల్లీ మార్గముతో పాటు కడప హైదరాబాదు, నాందేడు హైదరాబాదు మార్గములలోను ఈ విమానములు బయలుదేరినవి. వీరాస్వామయ్య మజిలీలు లెక్కపెట్టిన కడప దారికి విమానము వచ్చినందుకు సీమవాసులు సంతోషించుట సహజము. ఆ విమానములను నడిపిన ట్రూజెట్ సంస్థ 2022లో ఎగురుట మానినది. దేశమంతటను జరిగినది ఇదే తీరున నున్నది. కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో సమర్పించిన నివేదికను బట్టి మొదటి మూడు విడతలలో మంజూరైన 774 మార్గములలో 403 మార్గములు అసలు మొదలు కాలేదు. మొదలైన 371లో మూడేండ్ల గడువు నిండినవి 112. గడువు ముగిసిన పిదప కూడ సాగినవి 54.

ఈ అంకెలను చూచి పథకమే వ్యర్థమనుట తొందరపాటు. దూరపు మార్గములు కొన్ని నిలిచినవి, నిలువవలసినవే. పడిపోయినవానిలో రోడ్డు, రైలు చేయగల పనిని విమానమునకు అప్పగించినవి యెన్నియో ఎవరైనను వేరుచేసి చూచినచో విద్యార్థులకు మంచి పాఠ్యాంశమగును. వరంగల్లు సమీపమున మామునూరులో నిజాము కాలమున కట్టిన విమానాశ్రయమును పునరుద్ధరించుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్రము అనుమతించినది. పూర్వము చెప్పిన నూట యేబది కిలోమీటర్ల నియమమును శంషాబాదు నిర్వాహకులు ఆ మేరకు సడలించిరి. అది హైదరాబాదునకు పోవుటకై కట్టునది కాదు. వరంగల్లు వాడు శంషాబాదుతో పని లేకుండ దూర నగరములకు పోవుటకు ఉద్దేశించినది. ఆ దృష్టితో చూచినప్పుడు దానికి అర్థమున్నది.

ఇక విశాఖ. అక్కడి పాత విమానాశ్రయము నౌకాదళమునకు చెందినది. దాని శిక్షణ గంటలలో పౌర విమానములకు తావు దొరకుట కష్టము. ఊరికి ఇంత చేరువగా నున్న విమానాశ్రయమునకు ఇదొక్కటే పెద్ద లోటు. దానికి బదులుగా విజయనగరము జిల్లా భోగాపురమున సుమారు 2,200 ఎకరములలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయమును తలపెట్టిరి. దానికి 2019లో ఒక ముఖ్యమంత్రియు, 2023లో మరియొక ముఖ్యమంత్రియు శంకుస్థాపన చేసిరి. పునాదిరాళ్ళ విషయమున మాత్రము ఆ ప్రాంతమునకు కొరత రాలేదు. విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల వారికి అది చేరువ. ఇంతకాలము విశాఖ వరకు పోయి విమానమెక్కినవారి బాధ తీరును. ఆ మేరకు న్యాయమే. విశాఖ నగరవాసికి అది నలుబదియైదు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అరగంట ప్రయాణము కనీసము గంటా పదునైదు నిమిషములగును. పౌర విమానములన్నియు అక్కడికి మారినప్పుడు దోమలగూడ నుండి విశాఖకు ఐదుంబావు గంటలు ఆరు గంటలగును. గాలిలో కాలము ఒక్క నిమిషమైనను మారదు. అశోక్‌నగర్ విద్యార్థి వల్లె వేసిన జవాబును దిద్దుకొననక్కర లేదు. కాని ఆరు గంటల వరకు వచ్చిన పిదప రైలు మీద విమానమునకు గల ఆధిక్యము నాలుగు గంటలకు దిగును. రైలు వేగమును గంటకు ఇంకొక ఇరువది కిలోమీటర్లు పెంచిరా, ఆ నాలుగును సుమారు రెండుంబావునకు దిగును.

హైదరాబాదు 2008లో చేసిన పొరపాటు విమానాశ్రయమును దూరముగా కట్టుట కాదు. దానితో పాటు రైలును కట్టకపోవుట. శంషాబాదు తెరచి పదునెనిమిదేండ్లు గడచినవి. పుష్పక్ పేరిట ఆర్.టి.సి. బస్సులు నడచుచున్నవి, అవి మెచ్చదగినవి. అయినను బస్సు కూడ అదే రోడ్డున, అదే రద్దీలో పోవలెను. 2022 డిసెంబరులో రాయదుర్గము నుండి విమానాశ్రయమునకు 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన జరిగినది. 2023 చివర ప్రభుత్వము మారగానే ఆ మార్గము వద్దనుకొనిరి. మారుగా నాగోలు నుండి ఎల్.బి. నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా శంషాబాదునకు మరియొక మార్గమును రచించి, 2024లో రాష్ట్ర మంత్రివర్గము ఆమోదించి కేంద్రమునకు పంపినది. పడమటి వైపున కొత్త కార్యాలయములలో పనిచేయువారికి మొదటిది అనుకూలము. పాత నగరమునకు, తూర్పు పేటలకు రెండవది. చిక్కడపల్లి, నారాయణగూడల వారు ఏ వైపు చేరుదురని అడిగినచో రెండవ వైపేయని చెప్పవలెను. ఏలననగా ఆ ప్రణాళికలోనే ఎం.జి.బి.ఎస్. నుండి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల పొడిగింపు ఉన్నది. అది పూర్తియైనచో చిక్కడపల్లిలో ఎక్కినవాడు చాంద్రాయణగుట్టలో బండి మారి, లక్డీకాపూల్ మొగము చూడకుండ విమానాశ్రయము చేరగలడు. వేళ తప్పని ఒక గంట చేతిలో నుండును గనుక, దారిలో చిక్కుపడుదునేమోయను భయముతో ముందుగా బయలుదేరు అరగంటయు మిగులును.

విశాఖలో కూడ మెట్రో మాట వినబడుచున్నది. నగరము నుండి భోగాపురమునకు పట్టాలు విమానములతో పాటు వచ్చునా, పదునెనిమిదేండ్ల తరువాత వచ్చునా యనునదే అక్కడివారు తమ ప్రతినిధులను అడుగవలసిన ప్రశ్న. దోమలగూడ వైపున సంగతి ప్రస్తుతమునకు ఇట్లున్నది. చిక్కడపల్లి స్టేషనులో దక్షిణముగా పోవు బండి ఎక్కినవాడు నారాయణగూడ, సుల్తాన్‌బజారు దాటి ఎం.జి.బి.ఎస్. వద్ద దిగును. బండి అక్కడితో సరి. వచ్చిన దారినే జూబ్లీ బస్ స్టేషనునకు మరలిపోవును. విమానాశ్రయమునకు పోవలసినవాడు పెట్టె చేత పట్టుకొని మెట్లు దిగి, మూసీ ఒడ్డున నిలిచి, టాక్సీ కొరకు ఎదురు చూచును.